కొండ మీద నూకలు

కాశీవిశ్వనాథం గారమ్మాయి శ్రీలలిత పిట్టల్ని లెక్కపెడుతుంది. అదే ఆ పిల్ల ఉద్యోగం. తిరువూరులో ఎవరైనా "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అంటే, రైస్ మిల్లు యజమాని అయిన ఆ పెద్దమనిషి "సర్వేలో ఉందండీ" అని తేల్చేసేవాడు. విన్నవాళ్ళు అది భూముల సర్వే అనుకుని తమ గట్టు తగాదాలు చెప్పుకునేవాళ్ళు. ఆయన శ్రద్ధగా వినేవాడు కూడాను. పిట్టల కంటే గట్టు తగాదా నయం, వినడానికైనా గౌరవంగా ఉంటుంది.

ఏటా చలికాలంలో విస్సన్నపేట అవతలి కొండ ఎక్కి, ఎర్ర రిబ్బను కట్టిన చెట్ల దగ్గర పొద్దున్నే నిలబడి, దగ్గైనా దగ్గకుండా, కనబడిన పిట్టనీ వినబడిన కూతనీ రాసుకోవాలి. ఆడపిల్ల ఒంటరిగా కొండెక్కడమేమిటని ఆయన మొదటి ఏడు ఫ్లాస్కు పట్టుకుని వెంట వెళ్ళాడు. రెండో చెట్టు దగ్గరే ఫోన్లో బియ్యం ధర మీద గొంతు చించుకుని, ఉన్న పిట్టల్ని కాస్తా లేపేశాడు. అప్పట్నుంచీ కొండ కింద కారులోనే కూర్చోవాలని కూతురి ఆర్డరు.

ఈ ఏడు మాత్రం పిల్ల చావు కబురు చల్లగా మోసుకొచ్చింది. కొండలో అడవి పిట్టలు తగ్గిపోతున్నాయట, పై ఆఫీసరు సుందరరావు గారు స్వయంగా వచ్చి చూస్తారట. ఈసారీ అలాగే ఉంటే ఆ కొండను సర్వేలోంచి తీసేసి, శ్రీలలితను మారేడుమిల్లి పంపించేస్తారట.

మారేడుమిల్లి! ఆయన గుండెల్లో రాయి పడింది. ఎదురుగా పిల్ల కూర్చోకపోతే మజ్జిగన్నం ఆయన గొంతు దిగదు. ఆ సంగతి పిల్లతో చెప్పొచ్చు కదా? అబ్బే, అలాంటి మాటలు పైకి చెప్పుకునే అలవాటు వాళ్ళ వంశంలోనే లేదు.

"పిట్టలు తగ్గాయా? ఓస్, ఇంతేనా!" అనుకున్నాడు. మిల్లు గుమ్మానికి వరికంకుల కుచ్చు కడితే పిచ్చుకలు ఎలా ఎగబడతాయో తాతల నాటి నుంచీ చూస్తున్న కుటుంబమాయె. గిరాకీ ఎలా పెంచాలో ఈయనకు ఒకళ్ళు చెప్పాలా? శ్రీలలిత మీటింగులకని విజయవాడలో ఉన్న వారమంతా మోపెడ్ మీద నూకల బస్తా వేసుకుని, మధ్యాహ్నం భోజనం మానుకుని, మోకాళ్ళు పట్టుకుని కొండెక్కాడు. రిబ్బను కనబడిన ప్రతి చెట్టు కిందా చేటలకొద్దీ చల్లాడు. "రోజూ ఎక్కడికండీ?" అని భార్య సీతామహాలక్ష్మి అడిగితే "వినగడపకే, ధాన్యం బేరం" అన్నాడు.

సుందరరావు గారు రానే వచ్చారు. నోరెత్తనని ఒట్టేసి మరీ ఈయనా వెంట బయల్దేరాడు, తన ప్రతాపం కళ్ళారా చూసుకోవాలిగా.

మొదటి రిబ్బను దగ్గర కాకులు. కొమ్మ కొమ్మకీ కాకులే. కింద పావురాళ్ళు గుంపులు గుంపులుగా తింటున్నాయి, గోరింకలు వాటి మీద పడి పోట్లాడుకుంటున్నాయి. రెండో చెట్టు దగ్గరా ఇదే సంత, మూడో దాని దగ్గరా ఇదే. ఆ గోలలో వడ్రంగిపిట్ట లేదు, వంగపండుపిట్ట లేదు. శ్రీలలిత మొహం పాలిపోయింది. కాశీవిశ్వనాథం గారి ఛాతీ మాత్రం ఉప్పొంగింది.

సుందరరావు గారు బైనాక్యులర్ దించి నిట్టూర్చారు. "ఊరంతా కొండెక్కి కూర్చుందమ్మా. ఇవన్నీ బజారు పిట్టలు. ఇక ఇక్కడ అడవేం మిగిలింది? నిన్ను మారేడుమిల్లికి రాసేస్తాను."

"అదేంటి సార్!" ఒట్టు గాలికి పోయింది. "ఇన్నేసి పిట్టలుంటేనూ! సరిగ్గా లెక్కపెట్టండి!"

శ్రీలలిత వంగి చెట్టు మొదట్లోంచి నాలుగు నూకలు ఏరి అరచేతిలో పోసుకుంది. మిల్లులో పెరిగిన పిల్ల. వాటిని చూసింది, తండ్రిని చూసింది.

"నాన్నా?"

కాదనొచ్చు. కానీ కాదంటే మారేడుమిల్లి ఖాయం.

"నేనే సార్, వారం నుంచీ చల్లుతున్నాను" అన్నాడు. "అమ్మాయికేం తెలీదండీ. పిట్టలు లేకపోతే పిల్లని పంపించేస్తారంటేనూ... అది లేకుండా నేనుండలేనండీ."

సుందరరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "భలేవారండీ! సరే, నూకలు అయిపోయి ఈ కాకులు దిగిపోయాక, వచ్చే నెల మళ్ళీ లెక్కపెడదాం. అందాకా మారేడుమిల్లి ఊసెత్తనులెండి."

ఆయన కాళ్ళ మీద పడదామనిపించింది కాశీవిశ్వనాథం గారికి.

"మళ్ళీ లెక్కపెట్టించండి సార్, కానీ వేరేవాళ్ళతో" అంది శ్రీలలిత. కళ్ళనిండా నీళ్ళున్నా గొంతు వణకలేదు. "నన్ను మారేడుమిల్లికే రాయండి. అంత దూరమైతే మా నాన్నగారు బస్తా మోసుకురాలేరు."

శ్రీలలిత ముందు దిగిపోతోంది, ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. మోకాళ్ళు పట్టుకుని ఆయన వెనకాల దిగాడు. వారం రోజులు మేపిన చెయ్యి కదా, కాకులు గుర్తుపట్టాయి. చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతూ, కారు దాకా ఆయన వెంటే వచ్చాయి.