చేతులు ఆగిన చోటు

కుట్టుపని ఆవిడకి కుడిచేతి చిటికెన వేలు మొద్దుబారి మూడు నెలలైంది. బట్టకి ఏది మంచివైపో ఏది తిరగవైపో ఆ వేలితో తడిమి చెప్పడం ఆమె అలవాటు. ఇప్పుడు పట్టుకీ గోనెకీ తేడా తెలియడం లేదు. సైకిల్ తొక్కేటప్పుడు అరచేతిలో నరం నలుగుతోందని డాక్టరు సైకిల్ మానేయమన్నాడు. చెప్పడానికేం, నోరుంటే చాలు! పొద్దున్నే సైకిల్ మీద తిరిగే ఆ గంట తప్ప ఆమెకంటూ ఏముంది? వేలు పోతే పని పోతుంది, సైకిల్ పోతే ప్రాణం ఉసూరుమంటుంది. రెంట్లో ఏదీ వదులుకునే రకం కాదు ఆమె.

బరువంతా అరచేతుల మీద పడుతున్నట్టుంది, స్టెమ్ మార్చి చూడమని పక్కింటావిడ చెప్పింది. హ్యాండిల్‌ని ముందు గొట్టానికి పట్టి ఉంచే బెత్తెడు ముక్కే స్టెమ్. అందులో ఇంత కథ ఉందా అని ఆమెకి తెగ కుతూహలం పుట్టింది. అద్దం ముందు నిటారుగా నిలబడి, టేపుతో చేతులూ వీపూ కొలుచుకుంది. అలవాటు ఊరుకోదుగా, వదులుకని ఒక అంగుళం కలిపింది. ఆ కాగితం పట్టుకుని సైకిల్ షాపుకి పోయింది.

షాపులో ముసలాయన స్టెమ్‌లన్నీ పొడవు వరసన తీగకి వేలాడదీశాడు. ఆమె ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసింది.

"బాబాయ్, ఇది పైకి తలెత్తిందేంటి?"

"నడుము వంగనోళ్ల కోసం."

"మరి ఇది?"

"నడుమే లేనట్టు వంగేవాళ్ల కోసం."

ఆమె కాగితం చూపించింది. దాని ప్రకారం అన్నిటికన్నా పొడుగుది కావాలి. ఆయన అదే తీసి బిగించాడు. ఎక్కి కూర్చుంటే ఆమె గడ్డం హ్యాండిల్‌కి తగిలినంత పనైంది.

"ఈ కొలతలు నిలబడి తీసుకున్నావా, అమ్మాయ్?"

"మరెలా తీస్తారు?"

"సైకిల్ కూడా నిలబడే తొక్కుతావా?"

ఆమె నాలిక్కరుచుకుంది. వదులుకి కలిపిన అంగుళం సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆయన పాత స్టెమ్మే మళ్లీ బిగించి, సైకిల్‌ని స్టాండు మీదకి ఎక్కించాడు. "కళ్లు మూసుకుని తొక్కు. హ్యాండిల్ ఉందన్న మాటే మర్చిపో. చేతులు ఎక్కడ ఆగుతాయో అక్కడే ఆగనీ."

ఆమె తొక్కింది. చేతులు కాసేపు తడబడి ఒకచోట కుదురుకున్నాయి. కళ్లు తెరిస్తే రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. హ్యాండిల్ ఇంకా మూడు వేళ్ల దూరంలో ఉంది.

"ఎవరి సైకిల్ ఇది?"

"అన్నయ్యది. ఆరడుగుల మనిషి."

చంక దగ్గర పావంగుళం బిగుతైనా విప్పి మళ్లీ కుట్టిచ్చే మనిషి, తొమ్మిదేళ్లుగా అన్నయ్య కొలతలో తిరిగింది. ఆమెకి ఒళ్లు మండింది, అదీ తన మీద తనకే. తీగ మీద నుంచి పొట్టిగా, పైకి తలెత్తిన ముక్కని తనే తీసిచ్చింది.

"వేలు బాగవుతుందా, బాబాయ్?"

"నేను సైకిళ్లు బాగుచేస్తానమ్మాయ్. నరాల సంగతి నాకేం తెలుసు?"

వారం గడిచింది, ఏమీ లేదు. రెండో వారమూ అంతే. డాక్టరు మాటే నిజమేమోనని ఆమెకి గుండె జారింది. మూడో వారం ఒక చలి పొద్దున, ఎర్రలైటు దగ్గర ఆగి బ్రేకు పట్టుకుంటే చిటికెన వేలికి ఇనుము చల్లగా తగిలింది. ఆమె వేలు తీసి మళ్లీ పెట్టింది. చల్లగానే ఉంది. పచ్చలైటు పడింది, వెనక హారన్లు మోత మొదలుపెట్టాయి. ఆమె మాత్రం వేలు తీస్తూ, పెడుతూ, నడిరోడ్డు మీద పిచ్చిదానిలా నవ్వుతూ నిలబడిపోయింది.