ఇంట్లో అడిగారట

"కాలరు దగ్గర ఇంకోసారి లాగు, ముడత కనబడుతోంది" అన్నాడు భర్త, అద్దంలోంచి చూస్తూ.

ఆమె ఇస్త్రీపెట్టె ఇంకోసారి లాగింది. చెయ్యి చొక్కా మీదుంది గానీ మనసంతా నిన్న స్కూలు నోటీసు బోర్డు మీద చూసిన కాగితం మీదే ఉంది. జిల్లా విద్యా కార్యాలయం పంపిన సర్క్యులర్ అది. ప్రతి ప్రభుత్వ పాఠశాల నుంచీ ఒకరిద్దరిని ఎంపిక చేసి ఏడాదిపాటు శనివారాల్లో పొద్దుపోయేదాకా నాయకత్వ శిక్షణ ఇస్తారట. ఉపాధ్యాయులూ, సిబ్బందీ ఎవరైనా అర్హులే. శిక్షణ పూర్తి చేసినవాళ్లని పదోన్నతుల్లో ముందుగా పరిశీలిస్తారు. ఆ కాగితం ముందు నిలబడి, బెల్లు కొట్టినా కదలకుండా, మూడుసార్లు చదివింది. సాయంత్రం ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే "చూద్దాంలే" అన్నాడు.

ఆ మాటకి పద్దెనిమిదేళ్ల చరిత్ర ఉంది. ఎమ్మెస్సీ ప్రైవేటుగా కడతానంటే చూద్దాంలే. స్కూటీ నేర్చుకుంటానంటే చూద్దాంలే. పక్క జిల్లాలో పది రోజుల సైన్సు వర్క్‌షాపుకి పిలుపొస్తే చూద్దాంలే. కాదనడు, కసరడు, చెయ్యెత్తడు. మీ ఆయన బంగారం అని స్నేహితురాళ్లంటే ఆమె కూడా తలూపేది. తీరా లెక్కేసుకుంటే ఇన్నేళ్లలో ఆయన చూసిందీ లేదు, ఆమె చేసిందీ లేదు.

ఈసారి మాత్రం ఆయన చూడక్కర్లేదనే అనుకుంది. ఎందుకంటే స్కూలు నుంచి పంపాల్సిన పేరు ఎవరిదో హెడ్మాస్టరుకి ఒకరు చెప్పాలా? ఆమె పేరుకి సైన్సు టీచరు. పొద్దున్నే ప్రార్థన దగ్గర పిల్లల్ని నిలబెట్టేది ఆమె, ఎందుకంటే హెడ్మాస్టరు వచ్చేసరికి పదవుతుంది. ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసులోకి ఎవరు వెళ్లాలో చూసేది ఆమె. ఇరవై నాలుగు మంది పనిచేసే స్కూలుకి పదకొండేళ్లుగా టైమ్‌టేబుల్ వేస్తున్నది ఆమె. చంటిపిల్ల తల్లికి మొదటి పీరియడ్ పడకుండా, మెట్లెక్కలేని తెలుగు మాస్టారికి పైఅంతస్తు పడకుండా, రెండు క్లాసులు ఒకేసారి ల్యాబు ముందు గుంపు కట్టకుండా, భోజనాల బల్ల మీద పెన్సిలుతో వేసీ, రబ్బరుతో చెరిపీ, మళ్లీ వేసీ. అడుగున సంతకం హెడ్మాస్టరుది. తనిఖీకొచ్చిన అధికారి "ఇంత పకడ్బందీగా ఎలా వేశారండీ" అని ఆయన్ని మెచ్చుకున్న రోజున ఆమె గుమ్మం దగ్గర పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఫోటో ఇప్పటికీ హెడ్మాస్టరు గదిలో గోడకుంది. అందులో ఆమె మోచెయ్యి పడింది.

"మీకైతే ఓపికమ్మా" అంటాడాయన ఏ పని అప్పగించినా. జీతం లేని ఉద్యోగానికి ఆయన పెట్టిన పేరు ఓపిక.

సోమవారం పిలుస్తాడని చూసింది. మంగళవారం కూడా చూసింది. బుధవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో నోటు పుస్తకాలు దిద్దుతుంటే లెక్కల మాస్టారు చేతిలో ఒక ఫారంతో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. స్కూలుకొచ్చి ఆరేళ్లయింది, మంచివాడే, అందరినీ వరసలు కలిపి పిలుస్తాడు.

"అక్కా, ఒక్క అయిదు నిమిషాలు. ఇందులో 'మీరు పాఠశాలలో చేపట్టిన బాధ్యతలు' అని ఉంది. టైమ్‌టేబుల్ ఎలా వేస్తారో నాలుగు ముక్కలు చెప్తే రాసేసుకుంటాను."

"నువ్వెప్పుడు వేశావు టైమ్‌టేబుల్?"

"వెయ్యలేదనుకోండి. సహకరించానని రాయమన్నారు సారు."

"దేనికిది?"

"శనివారం శిక్షణకి. సారు నా పేరే పంపుతున్నారు, మీకు తెలీదా?" అతని మొహంలో నిజంగానే ఆశ్చర్యం. "మీకు కుదరదన్నారట కదక్కా. ఇంట్లో అడిగారట."

"ఎవరింట్లో?"

"మీ ఇంట్లోనే."

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. లేచి, వరండా దాటి, హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రండమ్మా. ఆ సంగతేనా? పొద్దున వాకింగులో మీ ఆయన కలిశారు. మాటల్లో మాటగా అడిగాను, శనివారాలు మేడమ్‌ని పంపిస్తారా అని. 'మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, శనివారం సాయంత్రమే క్లినిక్కుకి తీసుకెళ్లాలి, తన వల్ల కాదండీ' అన్నారు. సరే, ఇంటిపనితో సతమతమయ్యే మనిషి, మళ్లీ ఇదొకటి నెత్తిన పెట్టడమెందుకని..."

"లెక్కల మాస్టారి భార్యని కూడా అడిగారా సార్?"

ఆయన నవ్వాడు. "ఆవిడనెందుకమ్మా అడగడం?"

"వానకి పైకప్పు కారినప్పుడు సెలవురోజున వచ్చి మూడు క్లాసుల బెంచీలు మార్పించమన్నారు. అప్పుడు మా ఇంట్లో అడిగారా? తనిఖీ ముందు వారం రోజులు ఆరింటిదాకా కూర్చోబెట్టారు. అప్పుడు అడిగారా? పదకొండు టైమ్‌టేబుళ్లు వేయించుకున్నారు. ఒక్కసారైనా మా ఆయన్ని వాకింగులో ఆపి, మేడమ్ చేత నా పని చేయించుకోవచ్చా అని అడిగారా?"

ఆయన నవ్వు కాసేపు అలాగే మొహం మీద ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. "అయ్యో, కోపమొచ్చినట్టుందే. మీకు కోపం రాదనుకున్నాను" అన్నాడు చివరికి. "పేరు ఆన్‌లైన్లో పెట్టేశానమ్మా. వచ్చే ఏడాది చూద్దాంలే."

వరండాలోకొచ్చాక గుర్తొచ్చింది ఆమెకి, గది దాటేటప్పుడు తన నోటి వెంట "థాంక్యూ సార్" అని వచ్చింది. పేరు పంపనందుకు, ఇంట్లో అడిగినందుకు, పాపం అనుకున్నందుకు థాంక్యూ. ఏడో తరగతికెళ్లి బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగింది. హెడ్మాస్టరు మీద, భర్త మీద కోపం వేరు, దానికొక రూపముంది. తన నాలుక మీద వచ్చిన కోపానికే ఎటు తిరగాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా ఎవరు తోసినా ఒదిగి, ఒదిగినందుకు కృతజ్ఞతలు కూడా తానే చెప్పుకుంటూ వచ్చింది. ముందు బెంచీ పిల్ల "టీచర్, మీకు జ్వరమా?" అని అడిగింది. "కాదు, పాఠం రాసుకో" అంది.

సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పుతూనే అడిగింది. భర్త ఏమాత్రం తడబడలేదు.

"అవును, అన్నాను. నీ మంచికే. ఇప్పటికే అలిసిపోయి వస్తావు. నిన్నడిగినా నువ్వూ అదే అనేదానివి."

"అడిగి చూడాల్సింది."

"చిన్న విషయాన్ని చిలవలు పలవలు చేస్తున్నావు. మరి అమ్మ సంగతేంటి? శనివారం క్లినిక్కు..."

లోపలి గదిలోంచి అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. "నా మోకాళ్లని ఎందుకు లాగావురా మధ్యలోకి? నన్ను కోడలే తీసుకెళ్లాలని డాక్టరేమన్నా చీటీ మీద రాసిచ్చాడా? నీకు మాత్రం చేతులు లేవా, ఆటో పిలవడం రాదా?"

ఆమె తలెత్తి అత్తగారి వంక చూసింది. ఇన్నేళ్లలో ఆ మనిషి నోట తన వైపు మాట రావడం ఇదే మొదలు. అత్తగారు కుర్చీలో మెల్లగా కూర్చుని, ఊపిరి తీసుకుని, కోడలి వైపు తిరిగింది. "అది సరేగానీ, శనివారం వంటెవరు చేస్తారే?"

నవ్వొచ్చింది ఆమెకి, నవ్వలేదు. "శనివారం అత్తయ్యని మీరు తీసుకెళ్లండి" అంది భర్తతో. "వంట సంగతి మీ తల్లీకొడుకులు తేల్చుకోండి."

"అసలు నీ పేరే పంపలేదు కదా" అన్నాడాయన. "లేని శిక్షణకి ఇప్పుడెందుకీ గొడవ?"

నిజమే. ఆ నిజం అన్నిటికంటే ఎక్కువగా మండింది.

గురువారం జీతం స్లిప్పు కోసం ఆఫీసు గదికి వెళ్తే, ఆఫీసు అక్క స్లిప్పుతో పాటు ఇంకో కాగితం చేతిలో పెట్టింది. అందరూ ఆవిడని ఆఫీసు అక్కనే అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ స్కూల్లో గుమాస్తా. ముక్కు మీదికి జారే కళ్లజోడు, బల్ల మీద ఫైళ్ల గుట్ట.

"సర్క్యులర్ రెండు పేజీలు టీచర్. బోర్డు మీద ఒకటే పెట్టమన్నారు సారు."

రెండో పేజీలో అయిదో అంశం: ప్రధానోపాధ్యాయులు ప్రతిపాదించనివారు కూడా స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. పాఠశాలలో పనిచేసేవారిలో మూడో వంతు మంది సంతకాలు జతచేయాలి. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.

మూడో వంతంటే ఎనిమిది. డ్రాయింగు టీచరు చదవకుండానే పెట్టింది. తెలుగు మాస్టారు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, పెట్టాడు. సోషల్ టీచరు "ఈ వయసులో మనకీ ఆశలెందుకే" అంటూనే పెట్టింది. డ్రిల్లు మాస్టారు "సారేమనుకుంటారో" అని విజిలు వెతుక్కుంటూ గ్రౌండులోకి వెళ్లి బెల్లయ్యేదాకా రాలేదు. పదిహేనేళ్లుగా డబ్బాలో తెచ్చుకున్నది పంచుకు తిన్న ఇంగ్లీషు టీచరు "నన్నిందులోకి లాగకు" అంది. ఆ మాటకి కళ్లలో నీళ్లు తిరిగితే, వాటిని కూడా కోపంతోనే తుడుచుకుంది. లెక్కల మాస్టారు తనే వెతుక్కుంటూ వచ్చాడు. "నా పోటీని నేనే తయారు చేసుకుంటున్నానక్కా" అని సంతకం పెట్టి, "ఆ టైమ్‌టేబుల్ ముక్క కొట్టేశాను" అన్నాడు మొహం చూడకుండా. శుక్రవారం మధ్యాహ్నానికి ఏడు.

ఎనిమిదోది ఆఫీసు అక్కది. అడగ్గానే పెట్టింది, తేదీతో సహా, గుండ్రటి అక్షరాలతో. తర్వాత సొరుగు లాగి, ఇంకో ఫారం తీసి బల్ల మీద పెట్టింది. ఖాళీలన్నీ నింపి ఉన్నాయి. సంతకాల చోట ఒక్కటి కూడా లేదు.

"ఇది నాది టీచర్. సిబ్బంది కూడా అన్నారు కదా. మీరు పెడతారా?"

ఆమె నోటిదాకా వచ్చిన మాట ఏమిటో ఆఫీసు అక్కకి ఎప్పటికీ తెలియదు. 'శనివారాలు నీకు ఇంట్లో కుదురుతుందా అక్కా' అని వచ్చింది. అచ్చం హెడ్మాస్టరు గొంతుతో వచ్చింది. పళ్ల వెనక పట్టి ఆపింది. ఆ సర్క్యులర్ తాను మూడుసార్లు చదివింది. మూడుసార్లూ 'ఉపాధ్యాయులూ' అన్నచోట తనని చూసుకుంది, 'సిబ్బందీ' అన్నచోట ఎవరినీ చూడలేదు. పదకొండేళ్లూ పెన్సిలుతో వేసిన ఆ గళ్లన్నీ కంప్యూటర్లో ఎక్కించింది ఎవరు? "అక్కా, కొంచెం అర్జెంటు" అని బల్ల మీద పడేసి వెళ్లిపోయింది ఎవరు? ఏ పిల్లవాడి తండ్రి నంబరు మారిందో, ఎవరి బదిలీ కాగితం ఎక్కడ ఆగిందో, ఏ బిల్లు ఎప్పుడు పంపకపోతే జీతాలు ఆగిపోతాయో, అన్నీ ఈ జారిపోయే కళ్లజోడు వెనకే ఉన్నాయి. రెండు రోజులుగా స్కూలంతా తిరిగి సంతకాలు అడిగింది గానీ, ఆ రెండో పేజీ చేతిలో పెట్టిన మనిషిని 'నువ్వూ వేస్తున్నావా' అని ఒక్క మాట అడగలేదు.

పెన్ను తీసి సంతకం పెట్టింది. "ఇలా ఇవ్వు" అని ఫారం లాక్కుని స్టాఫ్‌రూమ్‌కి నడిచింది. తన కోసం అడిగినప్పుడు గొంతు నంగినంగిగా వచ్చింది. ఇప్పుడు రాలేదు. డ్రిల్లు మాస్టారిని ఈసారి గ్రౌండులోనే పట్టుకుంది. "సారేమనుకుంటారో తర్వాత చూద్దాం. మీ సర్వీసు పుస్తకంలో తప్పు పడితే సరిచేయించిందెవరో అది గుర్తు తెచ్చుకుని పెట్టండి." పెట్టాడు. మూడున్నరకి ఎనిమిదీ పూర్తయ్యాయి. ఇద్దరూ ఒకే ఆటోలో జిల్లా కార్యాలయానికి వెళ్లారు. కౌంటరు మూయబోతున్న మనిషి విసుక్కుంటూనే రెండు ఫారాల మీదా ముద్ర కొట్టి రసీదులిచ్చాడు. బయటికొచ్చాక ఆఫీసు అక్క తన రసీదుని ఎండకి పెట్టి చూసుకుంది.

రెండు శనివారాలు భర్త తల్లిని క్లినిక్కుకి తీసుకెళ్లాడు. మొదటిసారి తలుపు ధడేలున వేసి వెళ్లాడు, రెండోసారి మామూలుగా వేసి వెళ్లాడు. వంట దగ్గర మాత్రం తల్లీకొడుకులకి ఇంకా తెగలేదు. ఆమె కలగజేసుకోలేదు.

మూడో వారం సోమవారం జిల్లా కార్యాలయం నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. స్వయంగా దరఖాస్తు చేసుకున్న ఇద్దరినీ ఇంటర్వ్యూకి పిలిచారు. హెడ్మాస్టరు ఇద్దరినీ తన గదిలోకి పిలిపించాడు. కూర్చోమనలేదు. మొహం కందగడ్డలా ఉంది.

"నాకొక్క మాటైనా చెప్పకుండా, నా వెనకాల సంతకాలా? ఇన్నేళ్లు మిమ్మల్ని ఇంటి మనుషుల్లా చూసుకున్నానే! ఆలోచించే చేస్తున్నారా మీరు? శనివారం శనివారం మీరిద్దరూ వెళ్లిపోతే, ఇక్కడ స్కూలు నడిపేదెవరు?"

తానేమన్నాడో ఆయనకి ఆ తర్వాత వినబడినట్టుంది, కుర్చీలో కాస్త కదిలాడు. ఆఫీసు అక్క కళ్లజోడు పైకి తోసుకుంది.

ఆమె బల్ల మీదున్న తెల్లకాగితం ఒకటి తీసి, ఆయన ముందు పెట్టి, దాని మీద పెన్ను పెట్టింది.

"ఇప్పుడన్న మాట ఇందులో రాసి సంతకం పెట్టివ్వండి సార్. ఇంటర్వ్యూలో చూపిస్తాం."