శౌరమ్మ కాళ్ళు, లాజరు ఇటుకలు

శౌరమ్మ కాళ్ళ సంగతి పటమటలో తెలియనివాళ్ళు లేరు. ఎవరికైనా తెలియకపోతే ఆవిడే చెబుతుంది. ఏడుగురు పిల్లల్ని ఆ కాళ్ళ మీదే పెంచింది మరి! పీట మీద కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి, రెండు పాదాల మధ్య కాస్త ఎడం ఉంచి, అక్కడ పిల్లాణ్ణి కూర్చోబెట్టి "స్స్స్... స్స్స్" అనడం. మూడో నెల నుంచీ అదే పని. "ఏడాది నిండాక నా పిల్లలు పక్క తడిపితే ఒట్టు!" అనేది. ఆ ఏడుగురిలో ఎవరూ వచ్చి కాదనలేదు. ఎవరికి గుర్తుంటుంది గనక!

మనవడు లాజరుకి రెండున్నరేళ్ళు. వాడూ ఆ కాళ్ళ మీదివాడే. వాడి తల్లి, శౌరమ్మ కోడలు మార్త, టీచరు ట్రైనింగు పూర్తిచేసి నాలుగేళ్ళుగా ఉద్యోగం కోసం ఎదురుచూస్తోంది. డెబ్భై ఆరు జూన్‌లో ఆర్డరు వచ్చింది. కంకిపాడు దగ్గర ఎలిమెంటరీ స్కూలు. పదిహేను రోజుల్లో చేరకపోతే ఆ ఉద్యోగం లిస్టులో తర్వాతి మనిషికి పోతుంది. శౌరమ్మ ఇంట్లో ఉంటే పిల్లాడి గురించి బెంగే లేదు. కానీ అవనిగడ్డలో కూతురు తెరేసమ్మకి నెలలు నిండొస్తున్నాయి, అందులోనూ కవలలన్నారు. శౌరమ్మ వెళ్ళక తప్పదు, వెళితే మూడు నెలలదాకా రాదు.

"దానికేముందే అమ్మాయ్! వీధి చివర బాలవాడి లేదూ? అందులో వేసేద్దాం," అని ఆవిడే ముందు నడిచింది.

బాలవాడి టీచరు అమలమ్మ పాతికేళ్ళ పిల్ల. "బాబు ఒంటికొస్తే చెప్తాడా అండీ? చెప్పే పిల్లల్నే తీసుకుంటున్నాం. ముప్ఫై మందికీ నేనొక్కదాన్నే," అంది.

"చెప్పడమేంటమ్మా! ఏడాదప్పుడే అలవాటు చేశాను," అంటూనే శౌరమ్మ లాజరు వంక చూసింది. వాడు పైపెదవి లోపలికి లాక్కున్నాడు. అంతే! వాకిట్లోకి లాక్కెళ్ళి, నిక్కరు బొత్తాం విప్పి, అరుగంచున చతికిలబడి, కాళ్ళు చాపి, వాణ్ణి కూర్చోబెట్టి "స్స్స్" అంది. పనయిపోయింది. చూశావా అన్నట్టు తలెత్తింది.

అమలమ్మ నవ్వింది. "ఇప్పుడు చెప్పిందెవరండీ?"

"వాడి మొహం చూస్తే తెలియడంలా?"

"మీకు తెలుస్తోందండీ. వాడికి తెలుస్తోందా అని అడుగుతున్నాను. పై సోమవారం కాక ఆ పై సోమవారం తీసుకురండి. వాడే చెబితే చేర్చుకుంటాను."

ఆ సోమవారమే మార్త ఉద్యోగంలో చేరడానికి ఆఖరి రోజు.

దారి పొడుగునా శౌరమ్మ సణుగుతూనే ఉంది. "పెళ్ళయినా కాలేదు, నాకు నేర్పుద్దంట!" కానీ ఇంటికొచ్చాక మనసులో ముల్లు గుచ్చుకుంది. చూద్దామని మర్నాడంతా కాళ్ళు చాపలేదు, నోరు విప్పలేదు. సాయంత్రానికి ఐదు నిక్కర్లు తడిశాయి. వాటిని ఉతుకుతూ బావి దగ్గర చాలాసేపు కూర్చుండిపోయింది. వాడు నేర్చుకున్నదేమీ లేదు. రెండున్నరేళ్ళుగా వాడి పెదవి కదలిక చూసి పరిగెత్తడం తను నేర్చుకుంది, అంతే. ఆవిడకి సిగ్గేసింది.

ఇక ఆ రోజుల్లో ఇల్లు ఇల్లులా లేదు. లాజరు తండ్రి బాలశౌరి ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే వడ్రంగి. మిగిలిన చెక్కతో నడుమ చిల్లు పెట్టి బుల్లి పీట చేసుకొచ్చాడు. దానికి లారీ రంగు వేసి వెనక "సౌండ్ హారన్" అని కూడా రాశాడు. లాజరు మహా సంబరపడి, దాన్ని "బుర్ర్" మంటూ వీధిలోకి తోసుకుపోయాడు. దాని మీద కూర్చోమంటే మాత్రం, డ్రైవరు లారీ మీద ఉచ్చ పోస్తాడా అన్నట్టు చూశాడు.

మార్త అరగంటకోసారి అడిగేది. "వస్తుందా నాన్నా?"

"లేదు."

రెండు నిమిషాలకి కాళ్ళ వెంట ధార.

రెండో వారం మంగళవారం నాడు మార్త ఓర్చుకోలేక వీపు మీద ఒక్కటిచ్చింది. అక్కడితో అసలుకే మోసం వచ్చింది. వాడు రెండు రోజులపాటు దొడ్డికే వెళ్ళలేదు. పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. పిలిస్తే బియ్యం డ్రమ్ము వెనక్కి దూరి ఏడుపు. గురువారం మధ్యాహ్నం మార్త కాగితం, కలం తీసుకుని కూర్చుంది. ఉద్యోగంలో చేరలేకపోతున్నానని రాస్తోంది. కన్నీళ్ళు పడి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

శౌరమ్మ ఆ కాగితం లాగేసుకుంది. "తప్పు నాదే అమ్మాయ్. నీదీ కాదు, వాడిదీ కాదు. వాడి ఒళ్ళు వాడికి తెలిసేలోపే నేను ఎత్తుకుపోయాను. ఆదివారం దాకా నాకొదిలెయ్. ఎవ్వరూ వాణ్ణి అడగొద్దు, తిట్టొద్దు."

"అడక్కపోతే ఎట్లా అత్తయ్యా?"

"అడిగి ఏం బావుకున్నాం?"

ముందు ఎండు ద్రాక్ష నానబెట్టిన నీళ్ళు పట్టింది. తెల్లారేసరికి పొట్ట మెత్తబడింది, పిల్లాడి మొహం తెరిపిన పడింది. ఆ తర్వాత ఆవిడ చేసిన పనల్లా చూడటం. చూస్తూ కదలకుండా ఉండటం ఆవిడకి ఎంత కష్టమో ఆవిడకే తెలుసు. శుక్రవారం పొద్దున లాజరు బొమ్మలొదిలేసి డ్రమ్ము వెనక్కి వెళ్ళాడు. నిక్కరు అప్పటికి పొడిగానే ఉంది. బొత్తాం పట్టుకుని పీకుతున్నాడు. అది ఊడిరాలేదు. నిక్కరు తడిసిపోయింది.

"ఓరి వెధవా! నీకు తెలుస్తూనే ఉందన్నమాట!" శౌరమ్మకి గంతెయ్యాలనిపించింది. వెంటనే ఆ బొత్తాం మీద కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని విప్పింది తనేగా. మధ్యాహ్నానికల్లా నిక్కర్ల బొత్తాలన్నీ కత్తిరించేసి నడుముకి ఎలాస్టిక్కు ఎక్కించింది.

తర్వాత పెరట్లో జామచెట్టు పక్కన, నీళ్ళు పోయే కాలవ దగ్గర పీటేసుకుని కూర్చుంది. కాళ్ళు చాపి, తన పాదాలు ఆనిన చోట చెరో ఇటుకా పాతింది. అదే ఎడం, వేలెడు తేడా లేదు. "ఇది నీ చోటురా. ఇక్కడికి నిన్నడక్కుండా ఎవరూ రారు," అంది. వాడు ఇటుకలెక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. శనివారమంతా ఎక్కడం దిగడమే. నిక్కర్లు మాత్రం మూడు తడిశాయి. రాత్రి మార్త అన్నం కంచం పక్కకి నెట్టేసింది.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక శౌరమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా లాజరు లారీ తోలుతున్నాడు. ఉన్నట్టుండి పైపెదవి లోపలికి పోయింది. శౌరమ్మ కాళ్ళు వాటంతటవే చాపుకోబోయాయి. "ఏసయ్యా, ఈ కాళ్ళు కాస్త పట్టుకో!" అనుకుని రెండూ మడిచి కిందేసుకుని కూర్చుంది. వాడు డ్రమ్ము దాకా వెళ్ళాడు. ఆగాడు. పెరటి గుమ్మం వంక చూశాడు. పరుగందుకున్నాడు.

ఆవిడ ప్రాణం ఆగక గుమ్మం దాకా వెళ్ళింది. వాడు వెనక్కి తిరిగి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నానమ్మా, నువ్వు రావొద్దు!"

శౌరమ్మ గోడకేసి తిరిగి నిలబడింది. కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత ఇటుకల మీంచి సన్నగా వినపడింది, "స్స్స్... స్స్స్" అని. వాడికి వాడే అనుకుంటున్నాడు! శౌరమ్మకి ఏడుపొచ్చి నోట్లో కొంగు కుక్కుకుంది. గరిటెతో పరిగెత్తుకొస్తున్న మార్త చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"అమ్మా, పోశా! నేనే పోశా!" లాజరు నిక్కరు సగం పైకి లాక్కుంటూ వచ్చి, ఇద్దరూ ఎందుకు ఏడుస్తున్నారో తెలియక దిక్కులు చూశాడు.

సోమవారం అమలమ్మ మళ్ళీ అదే అడిగింది. "చెప్తాడా అండీ?"

శౌరమ్మ గొప్పలు చెప్పలేదు. "వాణ్ణే అడగమ్మా," అంది.

లాజరు అమలమ్మని ఎగాదిగా చూశాడు. "చెప్తా. నానమ్మ రాకూడదు."

"రాదులే నాయనా," అని అమలమ్మ నవ్వుతూ పేరు రాసుకుంది. మార్త అత్తగారి చెయ్యి ఒక్కసారి నొక్కి వదిలి, కంకిపాడు బస్సు కోసం పరిగెత్తింది. ఆ సాయంత్రం వాడి సంచిలో ఒక నిక్కరు తడిగా ఉంది. ఒక్కటే. ఆటలో మరిచిపోయాడని, తర్వాత రెండుసార్లు వాడే వచ్చి చెప్పాడని అమలమ్మ చెప్పింది.

మర్నాడు బాలశౌరి తల్లిని అవనిగడ్డ బస్సెక్కించాడు. సంచి పైకి అందిస్తుంటే దాని మూతి ఊడి, పుట్టబోయే కవలల కోసం పెట్టుకున్న పాత చీరల గుడ్డలు కనిపించాయి. వాటి మధ్య ఎలాస్టిక్కు చుట్ట.

"ఇదెందుకమ్మా? ఇంకా పుట్టనే లేదుగా!"

"పుడతారుగా. మళ్ళీ ఈ కాళ్ళ మీదే కూర్చోబెట్టుకుంటా, మానను," అంది శౌరమ్మ కిటికీ పక్కన సర్దుకుంటూ. "కాళ్ళు ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో మర్చిపోకుండా అది ఎదురుగా పెట్టుకుంటానురా."