పిట్టకి ఉగ్గు పట్టిన గిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెనర్రా. ఇత్తడిదాన్ని. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, ఒక పక్కకి పొడుచుకొచ్చిన ముక్కు, లోపల తెల్లగా కళాయి. ఇప్పటి పిల్లలు నన్ను చూసి దీపాల్లో నూనె పోసేదనుకుంటారు. అనుకోనీండి. వాళ్ళ తాతలందరూ నా ముక్కు నోట్లో పెట్టుకుని కాళ్ళు టపటపలాడించినవాళ్ళే. ఎవరు ఎంత ఏడ్చారో, ఎవరు ఎవరి చీర తడిపారో అన్నీ గుర్తే నాకు. పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు కదా, పరువు పోతుందని ఊరుకున్నాను.

పుట్టింది అజ్జరంలో, కొలిమి పక్కన. పోత పోసేటప్పుడు ఏం తొందరొచ్చిందో గానీ నా ముక్కు తిన్నగా రాలేదు, చివర కిందికి వంగింది. "వంకర ముక్కుది, ఎవరు కొంటారు?" అంది కంచరాయన పెళ్ళాం. "ముక్కు చూసి కొనడానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా?" అన్నాడాయన. నిడదవోలు నుంచి వచ్చిన సూరమ్మగారు ఆ వంకర చూపించి గంటసేపు బేరమాడి మరీ నన్ను తీసుకెళ్ళింది, అప్పుడే పుట్టిన మనవరాలి కోసం.

ఆ మనవరాలు వరహాలమ్మ. నాలుగు చుక్కలు పోస్తే మూడు ఉమ్మేది. అదే వరహాలమ్మ పెద్దదై, పెళ్ళయి, నన్ను అత్తారింటికి తీసుకెళ్ళి, తన పిల్లలు నలుగురికీ నాతోనే పట్టింది. కాళ్ళు బారజాపి కూర్చోవడం, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టడం, మణికట్టు మీద ఒక చుక్క వేసి వేడి చూసుకోవడం, నా ముక్కు నోటికి ఆనించడం. చేతివాసి మంచిదని వీధిలోవాళ్ళు కూడా పిల్లల్ని తెచ్చేవారు. "నా కాళ్ళ మీద పడుకుని, ఈ గిన్నెతో తాగిన పిల్ల ఒక్కటి కూడా చెయ్యి జారిపోలేదు" అని ఆవిడ చెప్పుకుంటుంటే నాకూ ఒళ్ళు మెరిసిపోయేది.

ఆ తర్వాత పాలసీసాలొచ్చాయి. నేను అటకెక్కాను. ఇరవై ఏళ్ళు బొద్దింకలతో కాపురం చేశాను, ఆ కథ వద్దు.

ఈలోగా వరహాలమ్మ మొగుడు పైడయ్య బస్సు డ్రైవరు పని నుంచి రిటైరయ్యాడు. స్టీరింగు వదిలినా చేతులు ఊరుకోవు కదా! డాబా మీద పెద్ద పంజరం కట్టి లవ్ బర్డ్స్‌ని తెచ్చాడు. పచ్చవీ, నీలంవీ, గుప్పెడంత పిట్టలు. గుడ్లు పెట్టడానికి కుండలకి పక్కన కన్నం చేసి వేలాడదీశాడు. ఆడపిట్ట కుండలో దూరి గుడ్లు పెట్టింది, పొదిగింది. రెండు పిల్లలు బయటికొచ్చాయి. అంతే, ఈయనకి కాలు నిలవలేదు. గంటకోసారి టార్చిలైటు పట్టుకుని కుండలో తొంగి చూడ్డమే.

"బాలింత గదిలోకి అన్నిసార్లు తొంగి చూస్తారా ఎవరైనా? సిగ్గు లేదూ?" అని వరహాలమ్మ కింద నుంచి కేకలేసేది.

"పిట్టకి సిగ్గేంటే!" అనేవాడు.

పిట్టకి ఉందండీ. పది రోజులు ఓర్చుకుంది. పదకొండో రోజు కుండలోంచి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. తండ్రి పిట్ట పిల్లల సంగతి మరిచిపోయి ఆవిడ వెనకాలే బతిమాలుకుంటూ తిరిగాడు. మగాళ్ళ సంగతి ఏ జాతిలోనైనా ఒకటే. లోపల రెండు పిల్లలు, ఈకలు లేని ఒళ్ళు, ఆకలితో కిచకిచ. పైడయ్య ముఖం మాడిపోయింది. వాటిని దోసిట్లో పెట్టుకుని మెట్లు దిగాడు.

వరహాలమ్మ ఇంకో మాట అనకుండా స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టింది. ఎన్నాళ్ళకి ఆ చెయ్యి తగిలిందో! చింతపండుతో తోమి, తళతళలాడించి, గోరువెచ్చటి ఆవుపాలు పోసింది. పిట్టకా నేను? నలుగురు పిల్లల్ని పెంచిన గిన్నెని! కొంచెం ఉక్రోషంగానే ఉంది, దాచుకోను. ఆవిడ కాళ్ళు బారజాపి, ఉసిరికాయంత పిల్లని చీర కుచ్చిళ్ళలో పడుకోబెట్టి, దిష్టి తగలకుండా బుగ్గన కాటుక చుక్క పెట్టి, పాలు పట్టింది. రెండోది నోరే తెరవలేదు.

తెల్లారేసరికి ఆ పిల్ల లేదు.

వరహాలమ్మ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. డెబ్భై ఏళ్ళలో మా ఇద్దరి చెయ్యి జారిపోయిన పిల్ల ఇదే మొదటిది. ఆవిడ మెతుకు ముట్టలేదు. మిగిలినదాన్ని కొంగులో పెట్టుకుని, నన్ను సంచిలో వేసుకుని, పిట్టల గింజలమ్మే కరీముల్లా కొట్టుకి నడిచింది.

"పాలు పట్టారా అమ్మగారూ?" కరీముల్లా తల పట్టుకున్నాడు. "పాలిచ్చే పిట్టని ఎక్కడైనా చూశారా అండీ? వాటికి పాలు అరగవండి. కొర్రపిండి జావలా కాచి, ఉడికిన గుడ్డు సొన చిటికెడు కలిపి పట్టండి. మెడ కింద సంచి ఉబ్బితే ఆపెయ్యాలండి. అది ఖాళీ అయ్యాకే మళ్ళీ పట్టాలి. సాంబ్రాణి పొగ గట్రా వెయ్యకండేం, చచ్చిపోతాయండి."

"నలుగురిని పెంచాను నాయనా."

"పెంచారండి. వాళ్ళు మనుషులండి."

ఇంటికొచ్చి కొర్రలు దంచింది. జావ పల్చగా కాచి వడపోసింది. మణికట్టు మీద చుక్క వేసుకుంది. పోస్తే పిల్ల నోరు తెరవలేదు. తల పక్కకి వాల్చేసింది. పైడయ్య గుమ్మంలో నిలబడి, "వదిలెయ్యవే, దానికి రాసిపెట్టలేదు" అన్నాడు.

"మీరు నోరు మూసుకుని లైటార్పండి. మళ్ళీ టార్చి కనబడిందో!"

నన్ను కొద్దిగా వంచి, నా ముక్కు చివర పిల్ల ముక్కు మీద ఆనించింది. అంతే. నా వంకర చూసి ఆ పిచ్చిముండ తల్లి ముక్కనుకుందర్రా! గభాల్న పట్టుకుని తల ఊపుతూ లాగింది. తాగింది. మెడ కింద సంచి శనగగింజంత, తర్వాత కుంకుడుగింజంత. "చాలు, చాలు" అని ఆవిడ నన్ను లాక్కుంటే వదలదే! అజ్జరంలో వంక పెట్టిన కంచరాయన పెళ్ళాం ఆ పూట అక్కడుండాల్సింది.

మూడు గంటలకోసారి, మూడు వారాలు. నీలం ఈకలొచ్చాయి. గొంతు కింద వరసగా నల్లచుక్కలొచ్చాయి. "చూశారా, వెధవ, దిష్టిచుక్కలు తనే పెట్టుకొచ్చాడు" అని మురిసిపోయింది వరహాలమ్మ. ముక్కు పైన నీలం తేలింది కాబట్టి మగపిల్లాడని కరీముల్లా తేల్చాడు. ఎగిరాడు, ఫ్యానెక్కాడు, పైడయ్య బట్టతల మీద వాలి చెయ్యకూడని పని చేశాడు. నాకు చాలా నచ్చింది.

ఇక నా పని అయిపోయింది, మళ్ళీ అటకే అనుకున్నాను. వరహాలమ్మ మాత్రం నన్ను కిటికీలో పెట్టింది. ఎందుకని పైడయ్య అడిగితే "ఉండనీండి" అంది.

నిన్న పొద్దున వాడొచ్చి నా ముందు వాలాడు. నా పొట్టలో తన బొమ్మ చూసుకున్నాడు. తల కిందికీ పైకీ ఊపాడు, గొంతులో గుర్రుగుర్రుమన్నాడు, గొంతులోంచి నాలుగు నానిన కొర్రగింజలు తెచ్చి నా నోట్లో పెట్టాడు.

"ఒసేవ్, నీ గిన్నెలో కక్కాడే!" అని అరిచాడు పైడయ్య.

"కక్కడం కాదండీ, తినిపిస్తున్నాడు. పిట్టలు అలాగే పెడతాయిట, కరీముల్లా చెప్పాడు."

ఇంతమందికి పెట్టాను నేను. నా నోట్లో ఒక మెతుకు పెట్టినవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు. వరహాలమ్మ చింతపండు పిడచ పట్టుకుని వచ్చి, నాలోకి తొంగి చూసి, పిడచ తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట నన్ను తోమలేదర్రా.