వెనక బల్ల మీది శాలువా

సన్మానంలో కప్పిన శాలువాను ఆ తరవాత ఎవరైనా చలికి కప్పుకోగా మీరు చూశారా? ఈ ప్రశ్నను చాలాకాలంగా అడుగుతున్నాను. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. కొందరు మర్యాదగా దగ్గి ఊరుకున్నారు.

నేను ఒక సన్మానపు శాలువాను. ఉత్తరాదిలో ఒక మరమగ్గం మీద పుట్టాను. ఉన్నిని నామమాత్రంగా కలిపి, అంచుకు బంగారు రంగు జరీ కుట్టి, చలి చుట్టపుచూపుగా వచ్చిపోయే రాయలసీమకు నన్ను పంపారు. నా నాణ్యత గురించి నాకు భ్రమలు లేవు. నన్ను తయారు చేసినవారు దృష్టిలో పెట్టుకున్నది వెచ్చదనాన్ని కాదు, ఫొటోను. దూరం నుంచి చూస్తే పట్టులా మెరుస్తాను. దగ్గరికి వచ్చి చూసేవారు సన్మాన సభల్లో ఉండరు.

నన్ను కొన్నది ఒక విశ్వవిద్యాలయం. అక్కడ బోధనాభివృద్ధి కేంద్రం అని ఒకటి ఉంది. అధ్యాపకులు తమ వృత్తిలో ఎదిగేందుకు తోడ్పడటం, ఎదిగినవారిని గుర్తించడం దాని బాధ్యత అని గోడ మీద అందమైన అక్షరాలతో రాసి ఉంటుంది. తోడ్పాటు ఎక్కడ జరిగేదో బీరువాలో ఉన్న నాకు కనిపించలేదు. గుర్తింపు మాత్రం పూర్తిగా నా మీదుగానే జరిగేది. సన్మానం అయినవారు ఇంటికి పోతూ నన్ను ఆ బీరువా దగ్గరే వదిలి వెళ్ళడం అక్కడి ఆచారం, వారి ఇళ్ళలో నా బోటివి పెట్టె నిండా ఉంటాయి కనుక. ఒక వారం నన్ను ఇతరులకు కప్పినవారికే మరో వారం నన్ను కప్పేవారు. అందరూ అందరినీ గౌరవించుకునేవారు, ఎవరికీ లోటు రానిచ్చేవారు కాదు.

ఉత్తమ అధ్యాపకుడు అనిపించుకోదలచినవారు అందుకు తామే దరఖాస్తు చేసుకోవాలి. తాము ఉత్తములమని తామే రుజువులు జతపరచాలి. ఆ వినయానికి మెచ్చి వేదిక మీద నన్ను కప్పి, "వీరి బోధన అమోఘం" అని ప్రసంగించేవారు. ఆ ప్రసంగించినవారిలో ఆ బోధనను విన్నవారు ఒక్కరూ ఉండేవారు కాదు. నేనూ వినలేదు. నన్ను క్షమించవచ్చు, నేను గుడ్డను.

ఆ కేంద్రానికి సంచాలకులు ప్రొఫెసర్ రుక్మాంగద రెడ్డి. దుర్మార్గులు కారు. ఎవరు కష్టమని వచ్చినా కూర్చోబెట్టి టీ తెప్పిస్తారు. అయితే ఆయన వైద్యంలో ప్రతి జబ్బుకూ ఒకటే మందు. ఆ మందు నేనే.

ఒక సోమవారం ఆయన గదిలోకి కుళ్లాయప్ప వచ్చాడు. భూగర్భశాస్త్రం బోధిస్తాడు, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. నేనుండే బీరువా ఆ గదిలోదే, దాని తలుపు సరిగా మూతపడదు కనుక మాటలన్నీ విన్నాను.

"సార్, ఎవరన్నా ఒకరొచ్చి నా క్లాసులో కూచోవల్ల సార్."

"ఏమబ్బా, పిల్లోల్లు అల్లరి చేస్తాండారా?"

"అల్లరి చేసినా బాగుండు సార్. నిద్రపోతాండారు."

రెడ్డిగారు నవ్వారు. కుళ్లాయప్ప నవ్వలేదు.

"నేను చెప్పేదాంట్లో ఏదో తప్పుంది సార్. అదేందో నాకు కనపడల్లేదు. సిమెంటు కంపెనీవాళ్ళు ల్యాబులో ఉద్యోగమిస్తామంటాండారు. శుక్రవారం లోపల జవాబు చెప్పల్ల. తప్పేందో తెలిస్తే దిద్దుకుంటా, ఈడ్నే ఉంటా. తెలీకపోతే పోతా. పిల్లోల్లను నిద్రపుచ్చేదానికి నేనెందుకు సార్?"

ఇంతకంటే సూటిగా తోడ్పాటు కోరిన అధ్యాపకుడిని నేను అంతకు ముందు చూడలేదు. రెడ్డిగారూ చూసి ఉండరు. అందుకే ఆయనకు అర్థం కాలేదు.

"నీకు కావల్సింది ప్రోత్సాహమబ్బా. నేను చూసుకుంటా. శమంతకమణి మేడమును పంపిస్తా. అంత పెద్దామె వస్తాంటే మనం చేయల్సింది చేయల్ల గదా."

చేయవలసింది బుధవారం చేశారు. వృక్షశాస్త్రంలో సీనియర్ ప్రొఫెసర్ శమంతకమణి పాఠం వినడానికి వస్తే, తరగతి గదిలో నల్లబల్లకు అడ్డంగా బ్యానర్ కట్టారు. ముందు వరసలో బల్లలు జరిపి వేదిక వేశారు. ఆమెను వేదిక మీదికి ఆహ్వానించారు. పూలగుత్తి ఇచ్చారు. నన్ను కప్పారు. పాఠం విననున్నందుకు ఆమెను ముందుగానే అభినందిస్తూ రెడ్డిగారు ప్రసంగించారు. ఆమె రెండు మాటలు మాట్లాడాలన్నారు. ఆమె నిజంగానే రెండు మాటలే మాట్లాడినా, వందన సమర్పణ చేసినాయన ఆ లోటు తీర్చాడు. విద్యార్థులు ఎంతో కాలానికి ఆ గదిలో మేలుకొని ఉన్నారు, ఫొటోలు తీస్తున్నారు కనుక. చివరికి గంట మోగింది.

"చూసినావా కుళ్లాయప్పా, ఎంత సపోర్టు ఇచ్చినామో," అని రెడ్డిగారు అతని వీపు తట్టి వెళ్ళిపోయారు. మనస్ఫూర్తిగానే అన్నారు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

గది ఖాళీ అయ్యాక, నన్ను భుజాన మోస్తూనే శమంతకమణి అడిగారు:

"నీ పాఠమేదప్పా? నేను విననే లేదే."

"మీ సన్మానం అయ్యేలోపల బెల్లు కొట్టేసినారు మేడమ్."

"నా సన్మానమా? నేనేం చేసినానని? తలుపు తీసుకోని లోపలికొచ్చినా, అంతే గదా."

కుళ్లాయప్ప తల వంచుకుని బ్యానర్ విప్పుతున్నాడు. శుక్రవారం ఎల్లుండే అని అతని ముఖం మీద స్పష్టంగా కనిపించింది.

"రేపు క్లాసుందా నీకు?"

"ఉంది మేడమ్."

"ఎవురికీ చెప్పగాకు. వెనక తలుపులోంచి వస్తా. నన్ను చూసి లేసి నిలబడినావంటే తిరుక్కోని పోతా."

మరునాడు ఆమె చెప్పినట్టే వెనక తలుపు నుంచి వచ్చారు. చివరి బల్ల మీద దుమ్ము మందంగా ఉంది. బీరువాకు తిప్పి పంపకుండా తన దగ్గరే ఉంచుకున్న నన్ను ఆమె చేతిసంచిలోంచి తీసి, మడిచి, బల్ల మీద పరిచి కూర్చున్నారు. ఆ క్షణం నేను అవమానం అనుకోవలసింది. అనుకోలేదు. ఇన్నేళ్ళలో నన్ను ఒక ప్రయోజనం కోసం వాడిన మొదటి మనిషి ఆమె.

మొదటిసారి ఒక పాఠం విన్నాను. కుళ్లాయప్ప తాడిపత్రి వైపు నుంచి తెచ్చిన బండముక్కను చేత్తో ఎత్తి చూపించాడు. అతనికి ఆ రాయి మీద ప్రేమ ఉందని గుడ్డనైన నాకే తెలిసింది. "ఈ బండ పొరలు పొరలుగా ఎందుకు చీలుతుంది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. నేను జవాబు ఆలోచించబోయాను. ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా జవాబు తానే చెప్పేశాడు. మరో ప్రశ్న అడిగాడు, దానికీ తానే చెప్పాడు. మూడో వరసలో ఒక అమ్మాయి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. కాసేపటికి కళ్ళు కూడా మూసుకుంది.

తరగతి అయ్యాక శమంతకమణి నన్ను దులుపుతూ అన్నారు:

"అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే. ఇంగ వాళ్ళేం చేయల్లప్పా, నిద్రపోక?"

"జవాబు రాదేమోనని భయం మేడమ్. అందరూ గమ్మున కూచుంటే నా గుండె దడదడమంటాది."

"అననీలే. అడిగినాక నోరు కట్టేసుకో. ఎవురో ఒకరు మాట్లాడేదాకా కిటికీలోంచి చూస్తాండు. మిగతాదంతా బాగుంది. రాయిని పట్టుకున్న తీరు చూస్తే ముద్దొచ్చినావు."

కుళ్లాయప్ప నవ్వగా అప్పుడే మొదటిసారి చూశాను.

శుక్రవారం పొద్దున ఆమె మళ్ళీ వచ్చారు, నన్ను మళ్ళీ పరిచారు. కుళ్లాయప్ప అదే బండముక్క ఎత్తాడు. "నిన్న నేను చెప్పిన జవాబు మరిచిపోండి. ఇది ఎందుకు చీలుతుందో మీరే చెప్పండి," అని కిటికీ వైపు తిరిగాడు. నిశ్శబ్దం. అతని చెవులు ఎర్రబడ్డాయి. నా అంచును శమంతకమణి వేళ్ళు గట్టిగా పట్టుకున్నాయి. సాహసం చేస్తున్నది అతను, కాని నలిగింది నేను.

మూడో వరస అమ్మాయి అంది: "ఎండకు చీలింది సార్."

"ఎండకైతే పైపైన చీలల్ల గదా," అని వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "లోపల ఎందుకు చీలుతాది?"

"మా ఊరి వంకలో నీళ్ళు ఎండినప్పుడు చూడలేదా నువ్వు? బురదంతా పెచ్చులు పెచ్చులుగా లేస్తాది," అంది ఆ అమ్మాయి.

"అది బురద, ఇది బండ."

"బండ కూడా ఒకప్పుడు బురదేనేమో. ఏటేటా వచ్చి ఒకదాని మీద ఒకటి పేరుకున్నేదేమో."

కుళ్లాయప్ప కిటికీ దగ్గరి నుంచి తిరిగాడు. గదిలో ఎవరూ నిద్రపోవడం లేదు. ఆ మధ్యాహ్నం అతను వెనక బల్ల దగ్గరే నిలబడి కంపెనీకి ఫోన్ చేశాడు. "రాలేను సార్," అన్నాడు. కారణం అడిగినట్టున్నారు. "ఈడ పని దొరికింది సార్," అన్నాడు.

ఆ తరవాతి వారం శమంతకమణి తన తరగతికి అతన్ని పిలిచారు. నేనూ వెళ్ళాను. పాఠం ముగిశాక కుళ్లాయప్ప, "మేడమ్, మీరు కుడిపక్కోల్లతోనే మాట్లాడతాండారు. ఎడమపక్క మనుషులున్నేదే మీకు తెలీదు," అన్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవం గల ఆమెకు అది రుచించలేదు. ఆ రోజు అతనితో టీ తాగలేదు. మరునాడు ఎడమవైపు తిరిగి పాఠం మొదలుపెట్టారు. అప్పుడు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఎవరూ కప్పనవసరం లేని రకం గౌరవం.

సంగతి పాకింది. గణితంవారు చరిత్రవారి తరగతికి, చరిత్రవారు భౌతికశాస్త్రానికి వెళ్ళసాగారు. అది తెలిసి రెడ్డిగారు ఎంతో సంతోషించారు. సంతోషం కలిగితే ఆయన చేసే పని ఒకటే. ఇద్దరికీ సన్మానం తలపెట్టారు.

"శాలువా వద్దు సార్," అన్నారు శమంతకమణి. "ఒకరి క్లాసులో ఒకరం కూచునే గంటను మా పనిగంటల్లో కలపండి. టైంటేబుల్లో చోటియ్యండి. అదే సన్మానం."

"అట్లయితే ఫొటో ఎట్ల మేడమ్?" అన్నారు రెడ్డిగారు, నిజమైన ఆందోళనతో. కొన్ని వారాలు గొణిగి, చివరికి సంతకం పెట్టారు. ఆయన కేంద్రం చేసిన మొదటి తోడ్పాటు అది. అందుకు ఆయనను ఎవరూ సన్మానించలేదు. కుళ్లాయప్ప మాత్రం వెళ్ళి టీ ఇప్పించాడు.

నేను ఇప్పుడు భూగర్భశాస్త్రం గదిలో వెనక బల్ల మీద ఉంటాను. జరీ ఊడింది, సుద్దపొడి పట్టింది, ఒక మూల సిరా మరక. ఫొటోకు ఇక పనికిరాను. విన్న పాఠాలు చెప్పమంటే మాత్రం కొన్ని శాఖలవారికంటే ఎక్కువే చెప్పగలను.

ఇక మీ సంగతి. మీరు బోధించేవారైతే, మీ పక్క గదిలో ఈపాటికి ఎవరో పాఠం చెబుతున్నారు. అది బాగుందో లేదో ఆ మనిషికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. లేవండి. వెనక తలుపు నుంచి వెళ్ళి, గంట మోగేదాకా కూర్చుని, విన్నది ఉన్నదున్నట్టు ఆ మనిషికి చెప్పండి.