సంచి అడుగు

ముందుగా క్షమించాలి. నా రాతలో తప్పులుంటాయి, ఒక్కో వాక్యానికి చాలాసేపు పడుతుంది. మా ఆయన పోయాక, నలభై ఆరో ఏట అక్షరాలు దిద్దాను. అయినా ఈ సంగతి ఇంకొకరితో రాయించలేను.

2006లో బీడీలు చుట్టడం మానేసి ఆర్మూర్‌లో గంగాకిషన్ సేటు దగ్గర పనికి చేరాను. ఆయన కంపెనీ విడి భాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి అమ్మేది. అమ్మిన ప్రతి కంప్యూటర్‌లో, ఆయన సొంతంగా చేయించిన వెతికే పేజీ ముందు తెరుచుకునేది. 'పసుపు విత్తనం' అని కొడితే మన జిల్లా దుకాణాల పేర్లు వరుసగా వచ్చేవి. దుకాణాలు తిరిగి ఆ పేర్లు రాసుకురావడం నా పని. చదువు వచ్చిందన్న మురిపెంతో ఎండ కూడా తెలిసేది కాదు.

ఆ పేజీ నడపడానికి సేటు మొదట ఒక్కో కంప్యూటర్ ధర కొంచెం పెంచాడు. కొనేవాళ్లు నిజామాబాద్ పోయి కొనుక్కున్నారు.

"కంప్యూటర్ల మీద మిగిలేది నెట్ బిల్లుకే చాల్తలేదు నర్సవ్వా," అన్నాడు ఒకనాడు. "ఇగ పైసలిచ్చినోళ్ల పేర్లు పైన పెడ్దాం."

"మంచోళ్లు కిందికి పోతరు గద సేటూ?"

"కిందికి జరిపి చూసుకుంటరు తియ్. గా ఫికర్ నీకెందుకు? పేజీ బందైతే నీ పని గూడ బందే."

నేను రాసుకొచ్చిన కాగితాల్లో పైసలిచ్చినవాళ్ల పేర్ల పక్కన ఎర్ర గీత గీసి ఇచ్చాను.

మా పక్కింటి ఆశమ్మ ఆ ఏడు ఆలూర్‌లో రెండెకరాలు కౌలుకు పట్టింది. సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున ఉన్న కొమ్ము తీసి వాసన చూడనిదే ఆమె పసుపు కొనదు. మార్కెట్‌లో ఎవరైనా అంతే. పైన మంచివి పోసి, కింద పుచ్చువి దాచేవాళ్లు ఉంటారని అందరికీ తెలుసు.

విత్తనం కోసం ఆమె సేటు కంపెనీకి, నా దగ్గరికి వచ్చింది.

"చూడక్కా, నీ కంప్యూటర్ ఏమంటదో."

ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. మొదట వచ్చిన పేరు పైకి చదివాను. కాగితంలో దాని పక్కన నా చేత్తో గీసిన ఎర్ర గీత నాకు గుర్తొచ్చింది. కానీ ఆశమ్మ నా వేళ్ల వైపు ఎంత అబ్బురంగా చూస్తోందంటే, కిందికి జరపకుండా ఆ పేరే మళ్లీ చదివాను.

"మా నర్సక్క పంతులమ్మ అయింది పో!" అని నవ్వుకుంటూ వెళ్లింది.

ఆ దుకాణంలోనే విత్తనం కొంది. సగం చేను మొలవలేదు. మొలిచినచోట శ్రావణానికల్లా దుంప కుళ్లింది. గట్టు మీద కూర్చున్న ఆశమ్మను, "సంచి అడుగు చూడలేదా?" అని అడిగాను. తప్పు ఆమెదైతే బాగుండునని నా ఆశ.

"చూడలె అక్కా. నువ్వు సదివి చెప్పినంక ఇగ చెయ్యెందుకు పెట్టుడు?"

అప్పుడు ఎర్ర గీత సంగతి చెప్పాను. ఆమె మట్టిని గిల్లుతూ అడిగింది.

"గా పేజీకి గూడ అడుగు ఉంటదా?"

"ఉంటది. కిందికి జరపాలె."

"మరి నువ్వెందుకు జరపలె?"

మరునాడు పని మానేశాను. ఆమె అడిగినదానికి జవాబుగా ఈ కాగితం ఆమెకు చదివి వినిపించాలి.

నర్సవ్వ, యాభై ఒక్కేళ్లు. ఇప్పుడు భీమ్‌గల్‌లో ఉంటూ మళ్లీ బీడీలు చుడుతున్నాను.