వంటింట్లో ఎండాకాలం

ఆ ఇంట్లో వంటింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే హాల్లో హీటరు తికమకపడి ఆగిపోయేది. బయట మంచు కురుస్తుంటే వంటింట్లో మాత్రం వాళ్ళు వదిలివచ్చిన ఊళ్ళోలాగే ఎండ మండిపోయేది. బయట ఎండలు ముదిరే నాటికి లోపల వానలు మొదలయ్యేవి. అప్పుడు ఇల్లాలు తలకి ప్లాస్టిక్ కవరు కట్టుకుని పోపు పెట్టేది. చిటపటలాడుతున్నవి ఆవాలో చినుకులో తెలిసేది కాదు. ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడే ఓనరుకి ఈ సంగతి చెప్పారు. "నేల టైల్సేగా, తుడుచుకోండి. గోడలకి మేకులు మాత్రం కొట్టకండి" అన్నాడాయన.

ఆవిడకి ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. పొద్దున్నే లేచి, రాత్రి తోడుపెట్టిన పెరుగు మూత తీసి, ఎవరూ చెయ్యి పెట్టకముందే ఒక చెంచాడు చిన్న గిన్నెలోకి తీసి కిటికీ గట్టు మీద పెట్టేది. అది మర్నాటికి తోడు. దేశం వదిలి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ మొదటి తోడు సీసాలో పోసి, బట్టల మధ్య చుట్టి ఇచ్చింది. దాంతోపాటే ఊళ్ళో కాలం కూడా వచ్చేసింది. ఎన్ని ఇళ్ళు మారినా, కొత్త వంటింట్లో మొదటిసారి పెరుగు తోడుకోగానే ఆ ఊరి ఎండో వానో వచ్చి తిష్ఠ వేసేది.

మొగుడికి కోల్డ్ స్టోరేజీలో పని. "నాకు ఏడాది పొడుగునా మంచే, నన్నడక్కండి కాలాల సంగతి" అనేవాడు. సాయంత్రం రాగానే వంటింట్లో స్టూలు వేసుకుని, కాళ్ళు చాపుకుని వెచ్చబడేవాడు. వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతుర్ని అందరూ బుడంకాయ అనేవాళ్ళు. అది వంటింట్లో చేతుల్లేని గౌను, హాల్లో స్వెట్టరు వేసుకుంటూ పెరిగింది.

చిక్కల్లా ఆవిడ అరికాళ్ళతోనే. రోజుకి పదిసార్లు గడప ఇవతల ఎండలోకి, అవతల చలిలోకి తిరిగి తిరిగి ఒంటికి ఏ కాలమూ పట్టేది కాదు. కొన్నాళ్ళు ఒక ఊళ్ళో ఉండేసరికి అరికాళ్ళు దురదపెట్టేవి. ఇంక నిద్ర ఉండేది కాదు. ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేది. తన కోసమే సరైన ఊరు ఇంకెక్కడో ఉందనీ, తను రాక ఆలస్యమవుతోందనీ అనిపించేది.

"ఇంకో ఊళ్ళో హోటల్లో పని చూసుకున్నాను. ఆదివారం వెళ్ళిపోదామండీ" అంది ఓ సాయంత్రం, చెమట తుడుచుకుంటూ.

స్టూలు మీద మొగుడు కాళ్ళు ముడుచుకున్నాడు. "ఈ ఊరేం చేసిందే నిన్ను?"

"ఏం చెయ్యలేదు. ఊపిరాడట్లేదు, అంతే."

"పోయిన ఊళ్ళోనూ ఇదే అన్నావు."

"అక్కడా ఆడలేదు మరి!"

ఆయన సామాన్లు సర్దడానికి పెట్టెలెన్ని కావాలో లెక్కేసుకున్నాడు. గోదాం వెనక పారేసిన అట్టపెట్టెలు పట్టుకురావడం ఆయనకి అలవాటైపోయింది. బుడంకాయ మాత్రం కంచం ముందు నుంచి లేచింది.

"నేను రాను. ప్రతి ఊళ్ళోనూ నేనే కొత్తపిల్లని. ఇక్కడ ఇప్పుడిప్పుడే పాతపిల్లని అవుతున్నాను. నన్ను కండక్టరమ్మమ్మ దగ్గర వదిలేసి మీరు పొండి."

కండక్టరమ్మమ్మ అంటే కింది వాటాలో ఒంటరిగా ఉండే ఆ దేశపు పెద్దావిడ. బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. గొంతు మాత్రం రిటైరవలేదు, ఇప్పటికీ ఆఖరి సీటుదాకా వినిపిస్తుంది. స్కూలు నుంచి వచ్చాక, వాళ్ళమ్మ పని దిగేదాకా బుడంకాయ అక్కడే ఉండేది. ముసలావిడకి బుడంకాయ 'అమ్మమ్మ' అనడం నేర్పింది. ఆవిడ కూడా తిరిగి దాన్ని 'అమ్మమ్మా' అనే పిలిచేది.

పిల్ల అలిగితే బుజ్జగించవచ్చు. ఇది అలక కాదని తల్లికి తెలుస్తూనే ఉంది. ఈసారి చెయ్యి పట్టుకుని లాక్కుపోతే వస్తుంది గానీ, తనతో ఇదివరకటిలా ఉండదు. అయినా అరికాళ్ళ దురద తగ్గలేదు.

శుక్రవారం సెలవు పెట్టి సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. ఆవిడ సర్దడం మొదలుపెడితే పూనకమే. మొగుడు పొద్దున తిని వెళ్తూ పెరుగు గిన్నె అడుగంటా ఊడ్చాడు. ఆవిడ ఆ గిన్నె తోమింది. గరిటెలు తోమింది. మూకుడు తోమింది. అదే ఊపులో కిటికీ గట్టు మీది చిన్న గిన్నె కూడా తీసి, పీచుతో తళతళలాడేలా తోమి బోర్లించింది.

వీపు మీద ఎండ పోయింది.

చలీ రాలేదు, వేడీ లేదు. గోడలు, పొయ్యి, సింకు, అంతే. ఏ కాలమూ లేని గది. ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థంకాలేదు. తర్వాత బోర్లించిన గిన్నె కనిపించింది. ఎన్ని ఊళ్ళు మారినా, జ్వరంలోనూ పురిటిలోనూ కూడా మర్చిపోకుండా తీసి పెట్టిన చెంచాడు తోడు! సింకు తూములోకి వేలు పెట్టి చూసింది. కొట్టుకి పరుగెత్తి పెరుగు డబ్బా తెచ్చి గోరువెచ్చటి పాలల్లో వేసింది. స్కూలు విడిచే వేళకి కూడా పాలు పాలలాగే ఉన్నాయి. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది, మళ్ళీ సీసాలో పోసి ఇచ్చేవాళ్ళు లేరు. ఆవిడ అట్టపెట్టెల మధ్య కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

బుడంకాయ వచ్చి, వంటింట్లో చెయ్యి ఆడించి చూసింది. "ఎండ ఏదమ్మా?"

"పోయిందే తల్లీ. నేనే తోమేశాను."

"దానికేడుస్తావేంటి? కండక్టరమ్మమ్మ దగ్గర ఉందిగా."

అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు ముసలావిడకి గొంతు పట్టేసి ఏమీ మింగుడుపడకపోతే, తనే గిన్నెలో పెరుగు తీసుకెళ్ళి ఇచ్చింది. కొంచెం మిగుల్చుకుని పాలల్లో వేసుకోమని వచ్చీరాని భాషలో చెప్పింది. అదేమైందని తను మళ్ళీ అడగనే లేదు.

కిందికి వెళ్ళి తలుపు కొడితే, ముసలావిడ చేతుల్లేని చొక్కాతో వచ్చి తీసింది. వంటింట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఎండ కాస్తోంది, ఆ ఎండలోంచే సన్నగా మంచు పడుతోంది. మంచు రేకులన్నీ నేల మీద వాలి, తీరుబడిగా కరుగుతున్నాయి.

"మొదట్లో ఒట్టి ఎండే ఉండేది" అంది ముసలావిడ. "పాలూ ఇక్కడివి, తోడుపెట్టే చెయ్యీ ఇక్కడిదే కదా, మెల్లగా మా కాలం కూడా వచ్చి కలిసింది. మోకాళ్ళకి ఈ ఎండ ఎంత హాయో! నీకు చెప్పాలనుకుంటూనే ఉన్నాను. నువ్వెప్పుడూ పరుగే."

"నాది పోయిందండీ. ఒక చెంచాడు ఇస్తారా?"

"అమ్మో, అదేం మాట!" అంటూ చిన్న గిన్నెలోకి తీసింది. ఇవ్వబోయి ఆగింది. "ఆదివారం వెళ్ళిపోతున్నారటగా. 'పాడైతే పైకి రండి, మళ్ళీ ఇస్తాను' అన్నావు ఆ రోజు. రేపు నాది పాడైతే నేనెవర్ని అడగనమ్మాయ్?"

అంత పెద్ద గొంతూ ఆ మాటకి సన్నబడిపోయింది. అయినా గిన్నె చేతికిచ్చింది. ఇల్లాలు దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒలక్కుండా ఒక్కో మెట్టే ఎక్కింది.

రాత్రి పాలు తోడుపెట్టింది. పొద్దున లేచేసరికి వంటింటి కిటికీకి లోపలివైపు మంచు పట్టి ఉంది. నేల చల్లగా తగిలింది. గట్టు మీద మాత్రం అరచెయ్యంత ఎండ, పెరుగు గిన్నె సరిగ్గా అందులో ఉంది. కత్తితో కొయ్యచ్చు, అంత గట్టిగా తోడుకుంది. ఆవిడ హాల్లోంచి స్వెట్టరు తెచ్చుకుని, వంటింట్లో వేసుకుంది. కాఫీ పెట్టి, కిటికీ దగ్గర నిలబడి నెమ్మదిగా తాగింది. బయటా లోపలా ఒకే మంచు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా, అరికాళ్ళలో దురద లేకుండా అక్కడే నిలబడి ఉంది.

మొగుడు గుమ్మంలో నిలబడి పురికొస బంతి చుడుతూ, విప్పుతూ ఉన్నాడు.

ఆవిడ పెరుగులోంచి ఒక చెంచాడు తీసి చిన్న గిన్నెలో వేసి పక్కన పెట్టింది. ఇంకో గిన్నె తీసి, అందులో ఇంకో చెంచాడు వేసింది.

"ఇదిగో, ఇది కింద అమ్మమ్మకి ఇచ్చిరా. తనది ఉన్నా సరే, ఇదీ ఉంచుకోమను."

బుడంకాయ గిన్నె అందుకుని, కళ్ళెత్తకుండా అడిగింది. "మనం వెళ్ళేది రేపు పొద్దున్నా, మధ్యాహ్నమా అని అడుగుతుంది. ఏం చెప్పను?"

"ఎక్కడికే?" అంది వాళ్ళమ్మ.